అన్నీ రాసుకుంటున్నా పనులు జారిపోతున్నాయి, మీరంతా ఎలా చూసుకుంటున్నారు?

హన్మకొండ_టీచర్
గవర్నమెంట్ హైస్కూల్లో పనిచేస్తాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తమామలు. మావారిది క్యాంపుల ఉద్యోగం. నా ఇబ్బంది పనులు గుర్తుండకపోవడం కాదు, వాటిని ఎక్కడ రాసిపెట్టానో తెలియకపోవడం. హెచ్ఎం గారు అడిగే లెక్కలు వాట్సాప్ గ్రూపులో, ఇంటి సామాన్లు గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్‌లో, పాల లెక్కా గ్యాస్ తేదీ గోడ క్యాలెండర్ మీద, ఎల్ఐసీ, బ్యాంకు సంగతులు డైరీలో. బండి ఇన్సూరెన్స్ కాగితాన్ని ఫొటో తీసి పెట్టాను, అది గ్యాలరీలో ఎక్కడో అడుగున ఉంది. "ఒక మంచి యాప్ పెట్టుకోండి మేడమ్" అంటారు అందరూ. పెట్టుకుంటే అది ఆరో చోటు అవుతోంది, మిగతా ఐదూ ఎక్కడికీ పోవడం లేదు. ఇల్లూ ఉద్యోగమూ రెండూ నెట్టుకొస్తున్నవాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి. వీడియోల్లో చూపించే రంగురంగుల పట్టికలు మాత్రం వద్దు.

కాగితం_పెన్ను
జేబులో పట్టే పుస్తకం ఒక్కటే నాకు దిక్కు. పొద్దున రాస్తా, రాత్రి కొట్టేస్తా. ఫోన్ తీస్తే పని రాసేలోపు మూడు మెసేజ్‌లు, ఒక రీల్ అయిపోతాయి.

కాకినాడ_కోడర్
@కాగితం_పెన్ను పుస్తకం మోగదు కదండీ. ఆగస్టులో కట్టాల్సిన ప్రీమియం జనవరిలో రాసుకుంటే, ఆ పేజీ ఆగస్టులో ఎవరు తిరగేస్తారు?

@హన్మకొండ_టీచర్ మేడమ్, మీరు చెప్పినవన్నీ విడదీస్తే రెండే రకాలు. తేదీ ఉన్నవి, తేదీ లేనివి. ఎల్ఐసీ, బండి ఇన్సూరెన్స్, ఇంటి పన్ను, ఫీజులు మొదటి రకం. తేదీ దాటితే డబ్బు పోతుంది లేదా తిరుగుడు పెరుగుతుంది. ఇవన్నీ గూగుల్ క్యాలెండర్‌లోకే పోవాలి, ఏటా వాటంతటవే వచ్చేలా రిపీట్ పెట్టి. కుక్కర్ గ్యాస్కెట్ కొనాలి, ఆధార్‌లో అడ్రస్ మార్పించాలి లాంటివి రెండో రకం. వీటికి తేదీ పెట్టకండి. లేని తేదీ పెడితే ఆ రోజు మోగుతుంది, మీరు తోసేస్తారు. నాలుగుసార్లు తోశాక నిజమైన వాటిని కూడా తోసేయడం అలవాటవుతుంది. ఇలాంటివి గూగుల్ టాస్క్స్‌లో వేయండి. తేదీ ఖాయమైన రోజున ఆ తేదీ వేస్తే అదే క్యాలెండర్‌లో కనిపిస్తుంది కాబట్టి మీరు భయపడుతున్న ఆరో చోటు కాదు.

నోషన్_నవీన
ఇంత అవసరం లేదు, నోషన్ అనే నోట్స్ యాప్‌లో ఒకే పేజీ కింద ఇల్లు, స్కూలు, డబ్బు, పిల్లలు అని డేటాబేస్‌లు (పట్టికలు) చేసి లింక్ చేసుకుంటే మొత్తం జీవితం ఒకచోట ఉంటుంది. నేను అలాగే చేశాను, చాలా హాయిగా ఉంది. కావాలంటే టెంప్లేట్ ఇస్తా.

తెనాలి_అమ్మ
@నోషన్_నవీన ఆవిడ పట్టికలు వద్దన్నారు తల్లీ 🙂 స్టవ్ మీద పాలు పెట్టి డేటాబేస్‌లో కాలమ్ నింపే టైము ఎవరికుంటుంది? నీకు నప్పింది, సంతోషం. పొద్దున ఆరింటికి మూడు టిఫిన్ బాక్సులు కట్టే ఇంట్లో మాత్రం రాయడానికి అయిదు సెకన్ల కంటే ఎక్కువ పట్టేది ఏదీ నిలబడదు.

నోషన్_నవీన
అది ఒప్పుకుంటా ఆంటీ. రాసుకోవడానికి కీప్, దాచుకోవడానికి నోషన్ అని సవరిస్తున్నా.

సిద్దిపేట_వరి
నాకు యాప్‌లు గీప్‌లు ఎక్కువ రావు. వాట్సాప్‌ల మన నంబర్‌కు మనమే మెసేజ్ పెట్టుకునే సౌలత్ 2022 చివర్ల వచ్చింది గదా, నాకదే సంచి. పొలం కాడ చేతులకు బురద ఉంటది, టైప్ చేసుడు కాదు. మైక్ ఒత్తి "యూరియా రెండు బస్తాలు, మోటర్ మెకానిక్‌కు ఫోన్" అని చెప్పి వదిలేస్త. పొద్దుగూకినంక ఇంటికొచ్చి విని, తేదీ ఉన్నవి మా పిల్లతోని క్యాలెండర్ల ఎక్కిస్త. అందరికంటె ముఖ్యం పంట రుణం తేదీ. ఏడాదిలోపు కట్టి రెన్యువల్ చేసుకుంటె 3 లక్షల దాక వడ్డీ 4 శాతమే పడ్తది, తేదీ దాటితె ఆ రాయితీ పోతది. ఊర్లె చానమంది బ్యాంకోడు ఫోన్ చేస్తడేమో అని కూసుంటరు. నేను నెల ముందుగాల మోగేటట్టు పెట్టిన.

కాకినాడ_కోడర్
@సిద్దిపేట_వరి అన్నా, ఇక్కడ అందరికంటే పక్కాగా చేస్తోంది మీరే. పగలంతా ఒకే సంచిలో పడేయడం, సాయంత్రం విడదీయడం. నేను అంత పెద్ద పోస్టు రాసి కూడా చెప్పలేకపోయిన మాట అది.

బెజవాడ_లెక్కలు
అకౌంట్స్ పని చేసేవాణ్ణి, మా బతుకంతా తేదీలే. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్న్), 20న 3బీ (జీఎస్టీ కట్టే రిటర్న్). వీటి మధ్య ముందస్తు ఆదాయపన్ను జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. మా ఆఫీసులో ఒక్క నియమం: చివరి తేదీని క్యాలెండర్‌లో రాస్తాం కానీ ఆ రోజున మోగించం. మోగేది పని మొదలుపెట్టాల్సిన రోజున. 20న కట్టాల్సిన దానికి 12న ఒకసారి, 17న ఒకసారి. 20న సైటు నెమ్మదిస్తుంది, పార్టీ ఫోన్ ఎత్తడు, ఓటీపీ వచ్చే ఫోన్ ఇంకెవరి జేబులోనో ఉంటుంది.

ఇళ్లకూ ఇదే పనికొస్తుంది. కొన్ని చెప్తాను, అందరూ ఇవాళే ఎక్కించుకోండి. ఎల్ఐసీ ప్రీమియం ఏడాదికో, ఆర్నెల్లకో, మూడు నెలలకో కట్టేవాళ్లకు గ్రేస్, అంటే గడువు దాటాక ఇచ్చే వెసులుబాటు, 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులే. బండి ఇన్సూరెన్స్‌కు అలాంటి వెసులుబాటు నమ్ముకోవద్దు. గడువు దాటిన మర్నాడు బండి తీసినా పాలసీ లేకుండా తోలినట్టే. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే రెండు రాష్ట్రాల మున్సిపాలిటీల్లోనూ 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు, కాబట్టి ఆ రిమైండర్ మార్చి ఆఖర్లో మోగాలి.

కాగితం_పెన్ను
ఇవన్నీ ఒక అట్ట మీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకుంటే సరిపోదా?

బెజవాడ_లెక్కలు
సరిపోతుంది, బీరువా రోజూ తెరిచేవాళ్లకు. నేను అంటించాను కూడా. ఫోన్ పోయినా ఉంటుంది. రెండూ ఉంచుకోండి అంటాను.

రాత్రి_డ్యూటీ
స్టాఫ్ నర్సును. మీరు చెప్పే "రోజూ సాయంత్రం కూర్చొని విడదీయడం" మాలాంటి వాళ్లకు కుదరదు. ఈ వారం పగలు, వచ్చే వారం నైట్. సాయంత్రం నేను డ్యూటీలో ఉంటా లేదా నిద్రలో ఉంటా. అందుకని గడియారం పట్టుకోకుండా డ్యూటీ దిగడాన్ని పట్టుకున్నా. యూనిఫాం మార్చుకుని బస్సు ఎక్కిన వెంటనే కీప్ తెరుస్తా. అది పొద్దున ఎనిమిదైనా, రాత్రి ఎనిమిదైనా.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పట్లేదు. అమ్మకు బీపీ, షుగర్ మందులు. రిమైండర్ యాప్ పెట్టాం, కొన్నాళ్లకు మోగడం మానేసింది. చూస్తే ఫోనే బ్యాటరీ ఆదా కోసం వెనకాల యాప్‌ను నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీదకు వెళ్లి బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టాలి. మందులకైతే నోటిఫికేషన్ మీద ఆధారపడకండి, గడియారం యాప్‌లో అలారమే పెట్టండి. సైలెంట్‌లో ఉన్నా అలారం మోగుతుంది, నోటిఫికేషన్ మోగదు. అలారానికి పేరు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు: "తిన్నాక తెల్ల మాత్ర". అమ్మ అది చదువుకుని వేసుకుంటుంది.

తెనాలి_అమ్మ
@రాత్రి_డ్యూటీ ఇది బంగారం లాంటి మాట. మా మామగారి ఫోన్లో ఇప్పుడే మార్చాను.

అశోక్‌నగర్_అభ్యర్థి
గ్రూప్-2కి చదువుతున్నా. నాకు రిమైండర్ల గోల లేదు, ఫోనే గోల. మీరంతా ఫోన్లో ఇంకా ఎక్కువ పెట్టుకోమంటున్నారు.

కాకినాడ_కోడర్
@అశోక్‌నగర్_అభ్యర్థి ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద ఫోకస్ మోడ్ ఉంది. చదివే గంటల్లో ఇన్‌స్టా, యూట్యూబ్ తెరుచుకోవు, ఫోన్ కాల్స్ వస్తాయి. షెడ్యూల్ పెడితే రోజూ దానంతటదే మొదలవుతుంది. టైమర్ పెట్టుకుని 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు లేచి తిరగడం కూడా చూడండి. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు దీన్ని.

కాగితం_పెన్ను
ఆ టైమర్‌కు యాప్ ఎందుకు, అసలు పద్ధతి పుట్టింది వంటింటి గడియారంతోనే కదా! ఫోన్ పక్క గదిలో పెట్టేసి ఒక చిన్న టైమర్ కొనుక్కో తమ్ముడూ.

అశోక్‌నగర్_అభ్యర్థి
25 నిమిషాలు పాలిటీ (రాజ్యాంగం, పాలన) చదవడానికి బాగుంది, అరిథ్‌మెటిక్ లెక్కలకు చాలట్లేదు. లెక్క సగంలో ఉండగా మోగుతోంది.

హన్మకొండ_టీచర్
@అశోక్‌నగర్_అభ్యర్థి లెక్కల టీచర్‌గా చెప్తున్నా. లెక్కలకు 50 నిమిషాలు పెట్టుకో, పది నిమిషాలు ఆగు. మోగినా చేతిలో ఉన్న లెక్క పూర్తయ్యాకే లే. సగంలో వదిలిన లెక్కను మళ్లీ మొదట్నుంచీ చదవాల్సి వస్తుంది.

డల్లాస్_గుంటూరు
అమెరికా నుంచి. నాదో పక్క సమస్య. గుంటూరులో ఉన్న నాన్నగారి డాక్టర్ వీడియో అపాయింట్‌మెంట్లు నేనే చూస్తాను. ఇక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి. వేసవిలో ఇండియా మాకంటే పదిన్నర గంటలు ముందు, చలికాలంలో పదకొండున్నర. ఇలాంటి వాళ్లు ఈవెంట్ పెట్టేటప్పుడు అందులో టైమ్ జోన్ ఇండియాదే ఎంచుకోండి, మన గడియారం ఎటు జరిగినా అది సరిగ్గా వస్తుంది.

అసలు అడగాలనుకున్నది వేరు. అమ్మ తద్దినం తిథి ప్రకారం. దాన్ని క్యాలెండర్‌లో ఏటా రిపీట్ పెట్టే దారి ఉందా?

పంచాంగం_ప్రసాదు
@డల్లాస్_గుంటూరు లేదు. గూగుల్ క్యాలెండర్‌కు తేదీ తెలుసు, వారం తెలుసు, "భాద్రపద బహుళ పంచమి" తెలియదు. మన చాంద్రమాన సంవత్సరం ఇంచుమించు 354 రోజులే, అందుకని తిథి ఏటా పదకొండు రోజుల దాకా వెనక్కి జరుగుతుంది. అధికమాసం వస్తే ఒక్కసారిగా పంతొమ్మిది రోజుల దాకా ముందుకు దూకుతుంది. వినాయక చవితి చూడండి: 2024లో సెప్టెంబర్ 7, 2025లో ఆగస్టు 27, 2026లో సెప్టెంబర్ 14, ఎందుకంటే 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. తద్దినాలూ ఈ లెక్కలోనే నడుస్తాయి. ఇంగ్లీషు తేదీకి రిపీట్ పెడితే మొదటి ఏడాదే తప్పుతుంది.

మా ఇంట్లో పద్ధతి ఇది. ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి వస్తుంది కదా. ఆ వారంలోనే నేను, మా అబ్బాయి కూర్చుంటాం. నేను తిథి చదువుతా, వాడు తేదీ క్యాలెండర్‌లో కొడతాడు. తద్దినాలు, నోములు, పిల్లల జన్మతిథులు అన్నీ. ఈవెంట్ కింద వివరాల్లో మాసం, పక్షం, తిథి, గోత్రం రాసి ఉంచుతాం, మరుసటి ఏడాది వెతుక్కోకుండా. తద్దినానికి రెండు వారాల ముందు మోగాలి. భోక్తలకూ, వంట బ్రాహ్మడికీ చెప్పాలి, దూరం వాళ్లకు టికెట్లు దొరకాలి.

డల్లాస్_గుంటూరు
అయితే నాన్నగారు చెప్పిన తేదీనే ఇక్కడ పెట్టుకోవచ్చా?

పంచాంగం_ప్రసాదు
అన్నిసార్లూ కాదు. తద్దినానికి అపరాహ్నంలో, అంటే మధ్యాహ్నం వేళ, ఉన్న తిథి చూస్తారు. తిథి మొదలయ్యే క్షణం లోకమంతా ఒకటే, మధ్యాహ్నం మాత్రం ఎవరి ఊళ్లో వాళ్లది. ఉదాహరణకు గుంటూరులో తిథి 9వ తేదీ రాత్రి పదింటికి మొదలై 10 రాత్రి పదింటిదాకా ఉందనుకోండి. అక్కడ తద్దినం 10న. అదే వేసవిలో డల్లాస్‌కు 9 ఉదయం పదకొండున్నర నుంచి 10 ఉదయం పదకొండున్నర దాకా. మీకు మధ్యాహ్నానికి ఆ తిథి దొరికేది 9నే. పంచాంగం యాప్‌లో ఊరు డల్లాస్ అని మార్చి చూడండి, తర్వాత మీ పురోహితుణ్ణి అడిగి ఖాయం చేసుకోండి. అధికమాసంలో ఎలా చేయాలన్నదీ ఆయన్నే అడగాలి, ఇళ్ల ఆచారాలు వేరువేరుగా ఉంటాయి.

డల్లాస్_గుంటూరు
ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదండీ. ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపులో పెడుతున్నాను.

నోషన్_నవీన
నేనో జాగ్రత్త చెప్పాలి. ఏ యాప్ అయినా ఎక్స్‌పోర్ట్ ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. వండర్‌లిస్ట్ అని చాలామంది ఇష్టపడిన జాబితా యాప్ ఉండేది. మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020 మేలో మూసేసింది. ఎవర్‌నోట్ 2023 చివర్లో ఉచిత ఖాతాకు 50 నోట్లే అని పరిమితి పెట్టింది. ఏళ్ల తరబడి రాసుకున్నది బయటికి తీసుకునే దారి ఉండాలి. గూగుల్‌కైతే మన డేటా దించుకునే టేకవుట్ ఉంది, అబ్సిడియన్ లాంటి నోట్స్ యాప్‌లు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మన దగ్గరే దాస్తాయి.

కాగితం_పెన్ను
నా పుస్తకాలను ఎవరూ కొని మూయలేరు 😊

తెనాలి_అమ్మ
అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు, నేను ఎత్తుతాను. టీచర్ గారు రాసింది మళ్లీ చదవండి. పాలు, గ్యాస్, ఫీజులు, ఎల్ఐసీ, బండి ఇన్సూరెన్స్, అన్నీ ఆవిడ బుర్రలోనే ఉన్నాయి. బండి ఎవరిది? ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరికీ గుర్తుండాల్సినవి ఒక్క మనిషికి గుర్తుండాలంటే ఏ యాప్ మాత్రం ఏం చేస్తుంది? మంచి యాప్ దొరికితే ఆవిడకు ఇంకా నాలుగు పనులు అంటగడతారు.

సిద్దిపేట_వరి
అక్క చెప్పింది ముమ్మాటికి నిజం. మా ఇంట్ల గూడ అంతే ఉండె.

కాకినాడ_కోడర్
@తెనాలి_అమ్మ దీనికి షేర్డ్ క్యాలెండర్ ఉంది. "ఇల్లు" అని కొత్త క్యాలెండర్ చేసి మీవారికి, పెద్ద పిల్లలకు షేర్ చేయొచ్చు. ఫోన్ యాప్‌లో ఆ షేర్ చేసే చోటు దొరకకపోతే, బ్రౌజర్లో కంప్యూటర్ మీద చేయండి.

తెనాలి_అమ్మ
మేమూ చేశాం. కనిపిస్తుంది, కానీ మావారి ఫోన్ మోగదు. "నీకు మోగింది కదా, నువ్వు చెప్తావనుకున్నా" అంటారు. మళ్లీ చెప్పే పని నాదే.

కాకినాడ_కోడర్
అవును, షేర్డ్ క్యాలెండర్‌కు ఎవరి నోటిఫికేషన్ వాళ్లే వాళ్ల ఫోన్లో పెట్టుకోవాలి. మీరు పెట్టింది వాళ్లకు వర్తించదు. ఫలానా పని ఫలానా మనిషిదే అయితే ఇంకో దారి ఉంది. ఆ ఈవెంట్‌లో గెస్ట్‌గా ఆయన మెయిల్ చేర్చండి. ఆయన సొంత క్యాలెండర్‌లోకి వెళ్తుంది, ఆయన సెట్టింగ్ ప్రకారం ఆయన ఫోనే మోగుతుంది. వస్తానని ఒప్పుకున్నారో లేదో కూడా మీకు కనిపిస్తుంది.

బెజవాడ_లెక్కలు
దానికి ముందు ఒకసారి ఇద్దరూ కూర్చొని ఏ పని ఎవరిదో మాట్లాడుకోవాలి. మా ఇంట్లో పన్నులు, ఇన్సూరెన్సులు, బండ్లు నావి, స్కూలు, ఆస్పత్రి ఆవిడవి. నా వాటి గురించి ఆవిడ నన్ను అడగక్కర్లేదు. మాట్లాడకుండా ఇన్విటేషన్లు పంపితే ఇంట్లో ఆఫీసు నడిపినట్టుంటుంది.

రాత్రి_డ్యూటీ
సామాన్లకైతే కీప్ జాబితానే షేర్ చేయండి. నేను వార్డులో ఉండగా తమ్ముడు బజారుకెళ్తే, వాడు కొన్నదల్లా టిక్ పెడుతుంటే నాకు కనిపిస్తుంది. ఒకే ఇంటికి రెండు నూనె ప్యాకెట్లు రావడం ఆగింది. అమ్మ గ్యాస్ బండ బుక్ చేయాలన్నా గూగుల్ కీబోర్డు మైకులో తెలుగులో చెప్పి అందులోనే పడేస్తుంది.

హన్మకొండ_టీచర్
అందరి పోస్టులూ మావారికి చదివి వినిపించాను, తెనాలి అమ్మగారిది రెండుసార్లు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. బండి, ఇంటి పన్ను, అత్తమామల మందుల కొనుగోలు ఆయన క్యాలెండర్‌లోకి వెళ్లాయి, ఆయనే ఎక్కించుకున్నారు. ఎల్ఐసీ, పిల్లల ఫీజులు నావి. స్కూలు గ్రూపులో వచ్చే వాటికి మెసేజ్ మీద నొక్కి స్టార్ పెడుతున్నా, నాలుగున్నరకు బెల్లు కొట్టాక స్టాఫ్ రూంలోనే వాటిని టాస్క్స్‌లోకి ఎక్కించి స్టార్ తీసేస్తున్నా. డైరీ ఆపేశాను. గోడ క్యాలెండర్ మీద పాల లెక్క మాత్రం అలాగే ఉంటుంది, పాలబ్బాయి కూడా చూసి సరిపోల్చుకునేది అక్కడే.

ఒక్కటి తేలలేదు. రోజంతా అని పెట్టిన ఈవెంట్లకు ఎంత ముందు మోగాలో ప్రతిదానికీ విడిగా పెట్టాల్సి వస్తోంది. ఒకేసారి పెట్టే చోటు ఉందా?

కాకినాడ_కోడర్
ఉంది. క్యాలెండర్ యాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, మీ పేరు కింద ఈవెంట్స్ నొక్కండి. అక్కడ మామూలు ఈవెంట్లకు ఒక నోటిఫికేషన్, ఆల్-డే ఈవెంట్లకు ఇంకొకటి విడిగా ఉంటాయి. రెండోదాంట్లో కస్టమ్ నొక్కి వారం ముందు, ఎన్నింటికో మీ ఇష్టం. మీవారి ఫోన్లో కూడా విడిగా పెట్టాలి, మర్చిపోకండి.

హన్మకొండ_టీచర్
దొరికింది. వారం ముందు, సాయంత్రం ఆరింటికి పెట్టాను. ఆయన ఫోన్లో ఆయనే పెట్టుకుంటున్నారు.